చెరిపేయడం కూడా మన పనే

స్త్రీల సంఘాల ఆఫీసుల్లో పాత కంప్యూటర్లు అమ్మకానికి పెట్టే కాలం ఇది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆపేసింది. కొత్త విండోస్ ఎక్కని డెస్క్‌టాపులు మూలన పడుతున్నాయి. ఎంతొస్తే అంతకి ఇచ్చేద్దాం, చోటైనా కలిసొస్తుంది అనుకుంటున్నాం. ఆ డబ్బా లోపల ఎవరి బతుకులున్నాయో ఆలోచిస్తున్నామా?

కుటుంబ హింస మీద పరిశోధన చేసేదాన్ని కాబట్టి ఏముంటాయో చెప్పగలను. కౌన్సెలింగ్ నోట్సు, 2005 గృహహింస చట్టం కింద మెజిస్ట్రేటుకి పెట్టుకున్న దరఖాస్తుల నకళ్లు, ఆసుపత్రి కాగితాలు, దెబ్బల ఫోటోలు. ఇల్లు వదిలొచ్చిన అమ్మాయి ఇప్పుడు ఎక్కడ తలదాచుకుందో ఆ చిరునామా. మా పరిశోధకులం వ్యాసాల్లో పేర్లు మార్చి రాస్తాం, సరే. ఏ మారుపేరు వెనక ఏ అసలు పేరుందో చెప్పే పట్టిక కూడా అదే యంత్రంలో ఏదో ఒక ఫోల్డర్‌లో ఉంటుంది.

‘అన్నీ డిలీట్ చేశాం కదా’ అంటారు. డిలీట్ కొడితే ఫైలు పోదు. ఆ జాగా ఖాళీ అయిందని కంప్యూటర్ తన లెక్కలో రాసుకుంటుంది, అంతే. పుస్తకంలో విషయసూచిక చింపేస్తే అధ్యాయాలు పోతాయా? వాటి మీద కొత్తది రాసేదాకా పాతది అక్కడే ఉంటుంది. ‘క్విక్ ఫార్మాట్’ చేసేదీ దాదాపు ఇదే. పోయిన ఫైళ్లు తవ్వి తీసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.

అమెరికాలో ఎం.ఐ.టి. పరిశోధకులు సింసన్ గార్ఫింకెల్, అభి షెలాత్ 158 పాత హార్డ్ డిస్కులు కొని పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. పనిచేసిన 129 డిస్కుల్లో సరిగ్గా చెరిపినవి 12. మిగతా వాటిలో క్రెడిట్ కార్డు నంబర్లు వేలల్లో దొరికాయి. ఇరవై ఏళ్లు దాటినా పెద్ద సంస్థలకే బుద్ధి రాలేదు. ఖాతాదారుల వివరాలున్న డిస్కులు చెరపకుండా వదిలేసినందుకు మోర్గన్ స్టాన్లీకి 2022లో అక్కడి నియంత్రణ సంస్థ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. డబ్బున్నవాళ్ల ఖాతా వివరాలకి ఆ మాత్రం విలువ ఉంది. మన దగ్గరికొచ్చిన బీడీ కార్మికురాలి కేసు ఫైలు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో ఏ దుకాణం బల్ల మీదో తేలితే జరిమానా ఎవరు కడతారు?

చట్టం ఉంది కదా అనవచ్చు. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెడితే రెండేళ్ల దాకా శిక్ష. అప్పట్లో ఐపీసీ 228ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72. కానీ ఆ సెక్షన్ మాట్లాడేది ముద్రణ, ప్రచురణల గురించి. చెరపకుండా అమ్మిన డిస్కు అందులోకి సులువుగా ఇమడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అవసరం తీరాక వివరాలు చెరిపేయాలంటుంది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. గడువు ముగిసేదాకా మనకి పూచీ లేదనుకోవాలా? ఆమె మనకి చెప్పింది చట్టాన్ని నమ్మి కాదు, మనల్ని నమ్మి.

నాకు అసలు కోపం ఇంకోచోట ఉంది. ‘కంప్యూటర్ అబ్బాయి వచ్చి చూసుకుంటాడు’ అనే మాట దగ్గర. ఇంటిచాకిరీని పనిగా గుర్తించమని ఇన్నేళ్లు వాదించిన మనమే, ఆఫీసులో ఈ శుభ్రం చేసే పనిని లెక్కలోకి రాని పనిగా చూస్తున్నాం. పోలీసుకి కూడా చూపించని ఫైళ్లని ముక్కూమొహం తెలియని మనిషికి ఒక సాయంత్రమంతా అప్పజెప్తున్నాం. ఇక నిధులిచ్చే సంస్థలు. కేసులెన్నో లెక్క చెప్పమంటాయి, ఫోటోలు పంపమంటాయి, ‘డాక్యుమెంటేషన్’ అని బడ్జెట్‌లో ఒక పద్దు పెడతాయి. సేకరించిందాన్ని సురక్షితంగా చెరపడానికి పద్దు పెట్టిన ప్రాజెక్టు నా కంటపడలేదు.

‘చెరిపేస్తే మన చరిత్ర పోతుంది’ అనే అభ్యంతరం ఒకటుంది. అది గౌరవించదగినదే. 1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది కాబట్టే తెలంగాణ పోరాటంలోని స్త్రీల గొంతులు మనకి మిగిలాయి. అయితే మల్లు స్వరాజ్యం లాంటి వాళ్లు నలుగురికీ తెలియాలనే తమ కథ చెప్పారు. నుదురు పగిలి రాత్రిపూట మన గుమ్మం ఎక్కిన మనిషి చరిత్ర రాయించుకోవడానికి రాలేదు. దాచాల్సినవేవో ఆమెనడిగి, తాళం వేసిన డిస్కులోకి మార్చుకోండి. ఆమె కాగితాలు ఆమెకివ్వండి. ఆ తర్వాత చెరపండి.

పని కష్టమేమీ కాదు. పాత రకం హార్డ్ డిస్కయితే దానినిండా ఒక్కసారి సున్నాలు రాస్తే చాలు. ‘ష్రెడ్ ఓఎస్’ లాంటివి ఉచితం, కొన్ని గంటలు పడుతుంది. ఎస్.ఎస్.డి. అయితే పైన రాయడం సరిపోదు, లోపల అది తన ఇష్టప్రకారం జాగాలు మార్చుకుంటుంది. తయారీదారు ఇచ్చే ‘సెక్యూర్ ఎరేజ్’ వాడాలి. అనుమానంగా ఉంటే స్క్రూడ్రైవర్ తీసుకుని డిస్కు ఊడదీసి దగ్గర పెట్టుకోండి, మిగతా యంత్రం అమ్మండి. చెడిపోయిన డిస్కుని లోపలి పళ్లేలు పగిలేలా కొట్టి, అధీకృత రీసైక్లర్‌కే ఇవ్వండి. మొత్తం కంప్యూటర్‌ని మాత్రం పగలగొట్టకండి. సెకండ్‌హ్యాండ్ యంత్రం మీదే టైపింగ్ నేర్చుకునే ఆడపిల్లలున్నారు. అన్నట్టు, పెద్ద జెరాక్స్ మిషన్లు చాలావాటిలో కూడా హార్డ్ డిస్కు ఉంటుంది.

చెరిపేటప్పుడు కౌన్సెలర్ పక్కన కూర్చోవాలి. డిస్కు నంబరు, తేదీ, చెరిపిన పద్ధతి రిజిస్టర్‌లో రాసి ఆమె, కార్యదర్శి ఇద్దరూ సంతకం చేయాలి. ఆ రిజిస్టర్ పేజీ నకలు వచ్చే ప్రాజెక్టు దరఖాస్తుకి జతచేసి, ఖర్చు కూడా అడగండి.