కాన్సస్‌కి ఒక కొలత, నోయిడాకి ఇంకొకటా?

ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అధ్యక్షులవారికి,

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒక బార్‌లో ‘మా దేశం నుంచి పొండి’ అని అరుస్తూ ఓ తెల్లవాడు మన హైదరాబాద్ ఇంజనీరును కాల్చి చంపాడు. మన పత్రికలు, ఛానళ్లు అట్టుడికిపోయాయి. జాత్యహంకారం అనడానికి ఎవరూ నాన్చలేదు. నాన్చకూడదు కూడా.

నెల తిరిగిందో లేదో, మార్చి 27న గ్రేటర్ నోయిడాలోని ఒక మాల్‌లో నైజీరియా విద్యార్థుల మీద గుంపు పడింది. కుర్చీలు, చెత్తడబ్బాలు, ఏది దొరికితే దానితో బాదారు. స్థానిక కుర్రాడొకడు చనిపోతే అది వీళ్ల పనేనని, పైగా వీళ్లు మనుషుల్ని తింటారని పుకారు! ఇది జాతి విద్వేషమేనని ఆఫ్రికా దేశాల రాయబారులు ప్రకటన ఇచ్చారు. నేను తెప్పించుకునే పేపర్లో మాత్రం అది లోపలి పేజీలో ‘ఘర్షణ’. పోనీ, వాళ్లు పరాయి దేశస్థులనుకుందాం. 2014లో ఢిల్లీ లాజ్‌పత్‌నగర్‌లో జుట్టు చూసి వెక్కిరించారని ఎదురుతిరిగిన అరుణాచల్ విద్యార్థి దెబ్బలు తిని చనిపోయాడు. అతను మనవాడే కదా?

ఇక హైదరాబాద్ సంగతి. డ్రగ్స్ కేసులో ఆఫ్రికా మనిషి దొరికితే శీర్షికలోనే ‘నైజీరియన్’. అదే కేసులో పట్టుబడ్డ మనవాడు ‘యువకుడు’. ఆ శీర్షిక చదివిన ఇంటి ఓనరు టోలిచౌకిలో చదువుకునే ఆఫ్రికా పిల్లాడికి గది ఇస్తాడా?

కులమతాల ప్రస్తావనలో సంయమనం పాటించమని మీ నియమావళి చెబుతోంది. నేర వార్తల శీర్షికల్లో దేశం పేరుకూ అదే వర్తిస్తుందని స్పష్టంగా ఆదేశించండి. మందలింపు, అభిశంసనలకు మించి మీకు అధికారం లేదని తెలుసు. ఆ మందలింపైనా ఒక్కసారి వాడండి.

ఇట్లు
ఒక పాఠకుడు, హైదరాబాద్