ఒక్క రౌండు తేడా

జరిగిపోయినదాని గురించి 'అలా కాకుండా ఇలా జరిగి ఉంటే' అని మాట్లాడేవాళ్ల నోరు మూయించడానికి మనకో సామెత ఉంది. అత్తకు మీసాలుంటే మామ అయ్యేదట. క్రికెట్ కబుర్లలో, ఎన్నికల లెక్కల్లో ఈ సామెత బాగానే పనిచేస్తుంది. బాక్సింగ్ దగ్గర మాత్రం అంతగా అతకదు. పరుగులు, ఓట్లు అందరి కళ్లముందే లెక్కకు వస్తాయి. బాక్సర్లిద్దరూ చివరిదాకా నిలబడ్డారంటే మాత్రం గెలిచిందెవరో రింగు పక్కన కూర్చున్న ముగ్గురి కాగితాలు చూస్తే తప్ప తెలియదు. ఆ కాగితాల మీద మరో అంకె ఉండి ఉండొచ్చని ఊహించడం గాలిలో మేడలు కట్టడం కాదు.

ఇలాంటి ఊహలకు మార్విన్ హాగ్లర్, షుగర్ రే లియోనార్డ్ పోరును మించినది లేదు. 1987 ఏప్రిల్ 6న లాస్‌వెగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్‌లో ప్రపంచ మిడిల్‌వెయిట్ కిరీటం కోసం జరిగిన ఆ 12 రౌండ్ల పోటీ గురించి బాక్సింగ్ అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. హాగ్లర్ 1980 నుంచి చాంపియన్. కిరీటాన్ని 12 సార్లు నిలబెట్టుకున్నాడు. కంటి రెటీనాకు శస్త్రచికిత్స చేయించుకున్న లియోనార్డ్ అంతకు ముందు ఐదేళ్లలో ఒకే ఒక్కసారి రింగులోకి దిగాడు. గెలుపు హాగ్లర్‌దేనని చాలామంది తీర్మానించేసుకున్నారు. తీరా ఇద్దరు జడ్జీలు లియోనార్డ్‌కు, ఒకరు హాగ్లర్‌కు ఓటేశారు. కిరీటం చేతులు మారింది.

దీన్ని దోపిడీ అనేవారున్నారు. ఆ మాటను ఆచితూచి వాడాలి. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా కుర్రాడు రాయ్ జోన్స్ 86 దెబ్బలు తగిలిస్తే, కొరియాకు చెందిన పార్క్ సి హున్ తగిలించినవి 32. అయినా స్వర్ణం పార్క్‌కే ఇచ్చారు. అదీ దోపిడీ అంటే. ఆ పతకాన్ని పార్క్ స్వయంగా అమెరికా వెళ్లి 2023లో జోన్స్ చేతికి అందించాడు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల సెమీఫైనల్లో మన సరితాదేవిని ఓడినట్లు ప్రకటించినప్పుడు మనకు కలిగిన కోపం కూడా అలాంటిదే. బహుమతి ప్రదానంలో ఆమె తన కాంస్యాన్ని కొరియా ప్రత్యర్థి మెడలోనే వేసేసింది. ఇలాంటి చోట్ల వేరే ఫలితాన్ని ఊహించనక్కర్లేదు. అది కళ్లెదుటే కనిపిస్తుంది. హాగ్లర్ సంగతి అలా కాదు. ఆనాటి కంప్యూటర్ లెక్క ప్రకారం లియోనార్డ్ తగిలించినవి 306, హాగ్లర్ తగిలించినవి 291. తూకం ఎటైనా మొగ్గగల రాత్రి అది. అందుకే ఊహకు చోటుంది.

మొదటి ఊహకు కాస్త కూడికలు వస్తే చాలు. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. లూ ఫిలిపో 115-113తో హాగ్లర్ వైపు మొగ్గాడు. డేవ్ మొరెటీ అదే 115-113తో లియోనార్డ్ వైపు మొగ్గాడు. అంటే ఏడు రౌండ్లు ఒకరికి, ఐదు మరొకరికి. మూడో జడ్జి మెక్సికోకు చెందిన హోహో గెర్రా ఏకంగా 118-110 వేశాడు. లియోనార్డ్‌కు పది రౌండ్లు, హాగ్లర్‌కు రెండే. అభిమానుల కోపమంతా ఈ కార్డు మీదే. నిజానికి గెర్రా 115-113 వేసి ఉన్నా ఫలితం మారేది కాదు. మారేదల్లా మొరెటీ కార్డు మీదే. ఆయన ఒక్క రౌండు అటుది ఇటు వేసి ఉంటే 114-114 అయ్యేది. ఒక జడ్జి హాగ్లర్‌కు, ఒకరు లియోనార్డ్‌కు, ఒకరు సమానం. పోటీ డ్రా. డ్రా అయితే కిరీటం చాంపియన్ దగ్గరే ఉంటుంది.

హాగ్లర్‌కు ఈ నిబంధన చేదు తెలుసు. 1979 నవంబర్ 30న ఇదే సీజర్స్ ప్యాలెస్‌లో అతను వీటో ఆంట్యువోఫెర్మోతో తలపడ్డాడు. తానే గెలిచానని నమ్మాడు. జడ్జీలు డ్రా అన్నారు. కిరీటం ఆంట్యువోఫెర్మోకే మిగిలింది. అదే రాత్రి, అదే రింగులో లియోనార్డ్ తన మొదటి ప్రపంచ కిరీటం గెలుచుకున్నాడు. అప్పుడు హాగ్లర్ నోటి దగ్గరి కూడు లాక్కున్న డ్రా, 1987లో వచ్చి ఉంటే అతన్ని కాపాడేది.

రెండో ఊహ జడ్జీల ఎంపిక గురించి. గెర్రా కూర్చున్న కుర్చీ నిజానికి బ్రిటన్‌కు చెందిన హ్యారీ గిబ్స్‌ది. ఆయన వద్దని అభ్యంతరం చెప్పింది ఎవరో కాదు, హాగ్లర్ శిబిరమే. బ్రిటిష్ జడ్జి మీద వారికి గురి కుదరలేదు. బదులుగా మెక్సికో జడ్జి వచ్చాడు. గిబ్స్ ఇంటికెళ్లి పోటీని టీవీలో చూశాడు. ఆయన లెక్కలో గెలిచింది హాగ్లర్! గిబ్స్ ఆ కుర్చీలోనే ఉండి అదే లెక్క వేసి ఉంటే, ఫిలిపో ఓటు కూడా కలిసి హాగ్లర్ 2-1తో గెలిచేవాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

మూడో ఊహ హాగ్లర్ నిలబడిన తీరు గురించి. అతను పుట్టు సౌత్‌పా. కుడి చెయ్యి, కుడి కాలు ముందుకు పెట్టి ఎడమచేత్తో బలమైన దెబ్బ కొట్టే రకం. ఆ రాత్రి మాత్రం మామూలు కుడిచేతి బాక్సర్‌లా మొదలుపెట్టాడు. తాను ఎటు తిరిగినా గెలవగలనని నిరూపించాలనుకున్నాడో ఏమో. మొదటి రెండు రౌండ్లూ ముగ్గురు జడ్జీలూ లియోనార్డ్‌కే ఇచ్చారు. తర్వాత హాగ్లర్ తన అసలు పద్ధతికి వచ్చి వెంటపడ్డాడు. ఐదో రౌండు చివర్లో అతని అప్పర్‌కట్‌కు లియోనార్డ్ తూలాడు. మొరెటీ కార్డు మీద కావలసింది ఒక్క రౌండే అని గుర్తుంచుకుంటే, ఆ మొదటి ఆరు నిమిషాల ఖరీదెంతో అర్థమవుతుంది.

లియోనార్డ్ మాత్రం ఒక్క నిమిషం కూడా వృథా చేయలేదు. రౌండు చివరి ముప్పై సెకన్లలో చకచకా దెబ్బల వాన కురిపించి, జడ్జీలు పెన్ను పట్టుకునే వేళకు తన బొమ్మే కళ్లలో మెదిలేలా చూసుకున్నాడు. పోటీకి ముందు ఒప్పందంలోనూ తనకు కావలసినవి రాబట్టుకున్నాడు. తిరగడానికి పెద్ద రింగు, దెబ్బ తీవ్రత తగ్గించే 10 ఔన్సుల గ్లవ్స్, 15కు బదులు 12 రౌండ్లు. ప్రతిగా హాగ్లర్‌కు ఎక్కువ సొమ్ము దక్కింది.

ఇక్కడ నాలుగో ఊహ తలెత్తుతుంది. అభిమానులు ఎక్కువగా చెప్పుకునేదీ ఇదే. ఇంకో మూడు రౌండ్లు ఉండి ఉంటే? చివరికి లియోనార్డ్ బాగా అలసిపోయాడు. హాగ్లర్ వెంట తరుముతూనే ఉన్నాడు. పదిహేను రౌండ్ల పోటీ అయితే లియోనార్డ్ కుప్పకూలేవాడని వారి నమ్మకం. కావచ్చు. కానీ ఆ మూడు రౌండ్లు ఎందుకు పోయాయి? 1982 నవంబర్ 13న, మళ్లీ ఈ సీజర్స్ ప్యాలెస్‌లోనే, కొరియాకు చెందిన కిమ్ డుక్ కూ 14వ రౌండులో రే మాన్సినీ దెబ్బకు కూలిపోయాడు. కొద్ది రోజులకే చనిపోయాడు. ఆ చావు తర్వాతే వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ తన కిరీటపు పోటీలను 12 రౌండ్లకు కుదించింది. హాగ్లర్, లియోనార్డ్ తలపడింది ఆ కౌన్సిల్ కిరీటం కోసమే. లియోనార్డ్ బేరం సంగతి ఎలా ఉన్నా, ఆ మూడు రౌండ్లను తిరిగి కోరడమంటే, రెటీనాకు కోత పడిన ఒక మనిషిని, కాళ్లు తేలిపోతున్న వేళ, మరో తొమ్మిది నిమిషాలు హాగ్లర్ చేతులకు అప్పగించమని కోరడమే. మన ఇష్టుడి గెలుపు కోసం సోఫాలో కూర్చుని ఊహించుకోవడం తేలికే. దాని మూల్యం చెల్లించాల్సింది మనం కాదు.

ఫలితం మారితే తర్వాతి కథ ఎలా ఉండేది? రెండో పోరు కోసం హాగ్లర్ ఏడాదికి పైగా ఎదురుచూశాడు. అది కుదరక 1988లో రిటైరయ్యాడు. ఇటలీ వెళ్లి సినిమాల్లో నటించాడు. మళ్లీ గ్లవ్స్ తొడగలేదు. లియోనార్డ్ మాత్రం వెళ్తూ, వస్తూ నలభై ఏళ్లు వచ్చేదాకా ఆడాడు. 1997లో హెక్టర్ కమాచో చేతిలో ఐదో రౌండులోనే చిత్తయ్యాడు. 1987లో గెలిచి ఉంటే హాగ్లర్ కూడా ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ అదే బాట పట్టేవాడేమో. పట్టేవాడు కాదేమో. ఒకటి మాత్రం నిజం. తనకు అన్యాయం జరిగిందన్న నమ్మకంతోనే 2021లో 66వ ఏట కన్నుమూశాడు.

ఆ నమ్మకాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ లెక్కలు తేల్చి చూస్తే, హాగ్లర్‌ను గెలిపించగల నాలుగు దారుల్లో ఒకటి మొరెటీ చేతిలో ఉంది. రెండు హాగ్లర్, అతని మనుషుల చేతుల్లోనే ఉన్నాయి. నాలుగోది అడిగే హక్కు ఎవరికీ లేదు. సియోల్‌లో జోన్స్‌కు ఇలాంటి దారి ఒక్కటి కూడా లేదు. అతను చేయవలసిందంతా చేశాడు. రెండింటినీ 'వివాదం' అనే ఒకే గాటన కట్టేస్తే నష్టం జోన్స్‌కు, సరితాదేవికే. అన్యాయమైపోయినవాళ్ల గోడు, తూకంలో వెంట్రుకవాసి తేడాతో ఓడినవాళ్ల గోడులో కలిసిపోతుంది.