మోరిస్ ఆక్స్‌ఫర్డు పక్షాన

బొమ్మకారు గురించి తెలుగు పంతులు టపా వ్రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి, కానీ చివరివరకూ చదివి నవ్వండి. విషయం చిన్నదే, దాని వెనుకనున్న దురభ్యాసం మాత్రం చిన్నది కాదు.

గత వేసవిలో ఇంగ్లండులో, లెస్టరు నగరంలో, మా అమ్మాయి ఇంట మూడు నెలలు ఉన్నాను. అక్కడ మా అల్లునికీ మనుమనికీ స్లాట్ కార్ల పిచ్చి. ఎరుగనివారికోసం రెండు మాటలు. నల్లని బాటలో సన్నని గాడి ఉంటుంది. గాడికి ఇరువైపులా లోహపు పట్టీలు. కారు అడుగున నాలుక వంటి ముక్క ఒకటి గాడిలో దిగుతుంది. దాని ప్రక్కనున్న తీగజడలు పట్టీలనుండి విద్యుత్తును గ్రహించి మోటారుకు అందిస్తాయి. ఆడేవాని చేతిలో ఒక మీట. దారి మార్చే స్వేచ్ఛ లేదు. వేగమొక్కటే మన వశం. మలుపులో అత్యాశకు పోతే బండి గాడి తప్పి బోర్లా పడుతుంది. "గణాలు కుదరని సీసపద్యంలాగా" అని నేనంటే మనుమడు అర్థం కాకపోయినా నవ్వాడు. ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆంగ్లేయుడు స్కేలెక్ట్రిక్ అన్న పేరుతో 1957లో ఈ ఆటను లోకానికి పరిచయం చేశాడు. ఎక్కువమంది వాడే కొలత 1:32, అనగా అసలు కారులో ముప్పై రెండవ వంతు.

అంగట్లో కొనక, స్వహస్తాలతో ఒక పాత బ్రిటిష్ సెలూనును చేద్దామని వారిద్దరి సంకల్పం. పరిశీలనలో ఉన్న పేర్లు మూడు: మినీ కూపర్, లోటస్ కార్టినా, జాగ్వార్ మార్క్ 2. నేను అడగకుండానే నాలుగవ పేరు చెప్పాను. మోరిస్ ఆక్స్‌ఫర్డ్, మూడవ శ్రేణి, 1956. అల్లుడు మర్యాదగానే, "మామయ్యగారూ, పందెంలో పేరులేని బండిని ఎవరు చూస్తారండీ?" అన్నాడు.

ఆ ప్రశ్న మీదనే నా పోరు. మినీ 1964, 1965, 1967 సంవత్సరాలలో మాంటీ కార్లో ర్యాలీ గెలిచింది. లోటస్ కార్టినాతో జిమ్ క్లార్క్ 1964లో బ్రిటిష్ సెలూన్ కార్ల విజేత అయ్యాడు. ఆ కీర్తిని నేను కాదనను. కీర్తి గలదానికే ప్రతిమ చేయాలన్న శాసనం ఎక్కడిది? కావ్యనాయకుడు ధీరోదాత్తుడు కావాలని ఆలంకారికులు అన్నమాట నిజమే. నేనే ముప్పై ఏళ్ళు పిల్లలచేత వల్లె వేయించాను. అయినా గురజాడ గిరీశాన్ని రంగం మీదకు తెచ్చినప్పుడు తెలుగువాడు లేచి వెళ్ళిపోలేదే! విజేతలనే చెక్కుకుంటూ పోతే అల్మారాలో మిగిలేది పతకాల పట్టిక. ఆ రోజులలో ఇంగ్లండు వీధి ఎలా ఉండేదో అందులో కనబడదు. స్కేలెక్ట్రిక్ పుట్టిన సంవత్సరంలో, ఆ బొమ్మను కొని ఇంటికి తెచ్చిన తండ్రి వాకిట నిలిచియుండగలిగినది ఆక్స్‌ఫర్డు వంటి బండే. మినీ అప్పటికింకా పుట్టలేదు. అది 1959 నాటిది.

పందెమే ప్రమాణమంటారా, సరే, ఆ గోదాలోకే వస్తాను. బ్రిటిష్ సెలూన్ కార్ల పోటీ మొదటిసారి 1958లో జరిగింది. జాక్ సియర్స్ నడిపినది ఆస్టిన్ ఏ105 వెస్ట్‌మినిస్టర్, బరువైన సంసారి బండి. టామీ సోప్‌విత్ నడిపినది జాగ్వార్ 3.4. సంవత్సరాంతానికి ఇద్దరికీ సమానమైన పాయింట్లు వచ్చాయి. తగవు తీర్చడానికి బ్రాండ్స్ హాచ్‌లో రెండు రైలీ వన్ పాయింట్ ఫైవ్ కార్లనిచ్చి, మధ్యలో బండ్లు మార్పించి నడిపించారు. సియర్స్ గెలిచాడు. ఆ రైలీలో ఉన్న ఇంజను ఏది? 1489 సీసీ, బీఎంసీ వారి బీ శ్రేణి. మన ఆక్స్‌ఫర్డులో ఉన్నదీ ఆ వంశపు ఇంజనే. ఎంజీఏ అనే సుందరాంగి 1955లో వచ్చినప్పుడు దాని గుండె కూడా ఇదే. కార్బురేటర్లు వేరు, బలం వేరు, ఒప్పుకుంటాను. రక్తసంబంధం మాత్రం ఒక్కటే.

మరొక సంగతి. స్లాట్ కారులో సాధారణంగా మోటారు తిప్పేది వెనుక ఇరుసును. అసలు మినీని లాగేవి ముందు చక్రాలు. ముందునుండి లాగే బండిని వెనుకనుండి నెట్టే బొమ్మగా చేసి, రంగులు అచ్చుగుద్దినట్లున్నాయని మురిసిపోవడం నాకు చోద్యంగా ఉంటుంది. ఆక్స్‌ఫర్డు అసలుదీ వెనుక చక్రాల బండే.

ఎదుటివారి వాదంలో బలమున్న చోట తలవంచుతాను. ఆక్స్‌ఫర్డు బొమ్మ సుమారు 135 మిల్లీమీటర్ల పొడవు, 52 వెడల్పు, 50 ఎత్తు అవుతుంది. వెడల్పుకు దాదాపు సమానమైన ఎత్తు! జాగ్వార్ కొంచెం వెడల్పు, నాలుగు మిల్లీమీటర్లు పొట్టి. ఆటలో ఆ నాలుగే చాలు. కనుక మలుపులో మనవాడు ముందుగా పడతాడు. "అడుగున అయస్కాంతం పెడదాం తాతయ్యా" అన్నాడు మనుమడు. వద్దన్నాను. అయస్కాంతం పట్టీలను పట్టుకుని కూర్చుంటే పొడుగుబండీ పొట్టిబండీ ఒకేలా పరుగెడతాయి. అప్పుడు ఏది ఎంచుకుంటేనేమి? పైకప్పును కాగితమంత పలుచగా పోయాలి, అద్దాలకు తేలికైన పారదర్శకపు రేకు వాడాలి, చట్రానికి అడుగున సీసం అంటించాలి. ఆపైన మలుపులో వేలు కొంచెం ముందుగా సడలించాలి. దాని ఈడు వెస్ట్‌మినిస్టర్‌తోనూ రైలీతోనూ పోటీ పెట్టండి, కార్టినాతో ఎందుకు?

ఇక నా స్వార్థం. ఆ మూడవ శ్రేణియే 1950ల చివర ఉత్తరపారాలో అంబాసిడర్‌గా అవతరించి 2014 వరకు తయారైంది. 1974లో మా అమ్మను తెనాలినుండి గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయినది బాడుగ అంబాసిడరే. వెనుక సీటులో అమ్మ, ఆమె తలను ఒడిలో పెట్టుకుని మేనత్త. ముందు సీటులో డ్రైవరుతో కలిపి నలుగురం. ప్రతి గుంతలోనూ డ్రైవరు "అమ్మా, కాస్త ఓర్చుకోండి" అంటూ బండిని నడక వేగానికి తెచ్చేవాడు. పదిరోజుల తరువాత అమ్మ అటువంటి బండిలోనే తిరిగివచ్చింది. ఆ కారు లెస్టరులో పుట్టిన మా మనుమనికి పేరుకైనా తెలియదు.

"అయితే అంబాసిడరే చేయండి" అన్నాడు అల్లుడు. అదీ కుదరదు. ఎంచుకున్నది బ్రిటిష్ సెలూను. తరువాతి అంబాసిడర్ల ముందు జాలీ వేరు. దానిని తెచ్చి 1956 ఆక్స్‌ఫర్డుకు తగిలిస్తే ప్రక్షిప్తమవుతుంది. పాఠం శుద్ధంగా ఉండాలి: బోనెట్టు మీది గాళ్ళు, వెనుక కొసలలోని చిన్న రెక్కలు, అన్నీ మూల ప్రతిలో ఉన్నట్లే.

నేను బయలుదేరే ముందురోజు బాల్సా చెక్క దిమ్మె కొన్నాం. మనుమడు దానిమీద 135, 52, 50 అని పెన్సిలుతో వ్రాశాడు. అల్లుడు ఏమీ అనలేదు. తన జాగ్వార్ కోసం ఇంకొక దిమ్మె కొనుక్కున్నాడు.