సర్వరు జీతం ఎవరివ్వాలి?

సంపాదకుడు గారికి,

వేసవి వచ్చిందంటే మా భవానీపురంలో చాలా ఇళ్ళకు తాళాలు పడతాయి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళిన పెద్దవాళ్ళు చలికాలానికి తిరిగొస్తారు. బెరం పార్కు వైపు పొద్దున నడకకు వచ్చినప్పుడు వాళ్ళ నోట తప్పకుండా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. అక్కడి హోటళ్ళలో టిప్పు పేరుతో నిలువుదోపిడీ చేస్తున్నారట. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, "పైసా పెట్టకుండా లేచి వచ్చేశాం" అని గొప్పగా చెబుతున్నారు. ఆ మాట విన్నాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

నేనూ డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చినవాణ్ణే, ఆ బాధ నాకు తెలుసు. మెనూలో 60 డాలర్లు ఉన్న భోజనానికి అక్కడ 8.25 శాతం పన్ను కలిపితే 64 డాలర్ల 95 సెంట్లవుతుంది. పన్ను వదిలేసి అసలు మీదే 20 శాతం టిప్పు లెక్కేసినా ఇంకో 12 డాలర్లు. మొత్తం 76.95. ఆ పన్నెండు డాలర్లే మన డబ్బులో వెయ్యి రూపాయలు దాటుతాయి. పింఛను మీద బతికే మనిషికి ప్రాణం ఉసూరుమంటుంది. ధర ఒకటి రాసి ఇంకొకటి వసూలు చేయడం ఏ దేశంలోనైనా తప్పే. అయితే మన కోపం చేరాల్సింది పళ్ళెం తెచ్చిపెట్టిన పిల్ల మీదికి కాదు.

అక్కడి కేంద్ర చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 నుంచి అది కదల్లేదు. టిప్పులొచ్చే ఉద్యోగికి మాత్రం యజమాని తన జేబులోంచి 2.13 డాలర్లు ఇస్తే చాలు. ఈ అంకె 1991 నాటిది. డల్లాస్ ఉన్న టెక్సాస్‌లో నేటికీ అమల్లో ఉన్నది ఇదే. మిగిలిన 5.12 డాలర్లు టిప్పుల రూపంలో వచ్చినట్టు యజమాని లెక్క చూపుకోవచ్చు. టిప్పులు అంత రాకపోతే తేడా ఆయనే పూడ్చాలని చట్టంలో ఉంది. అయినా ఆ తేడా గట్టిగా అడిగిన సర్వరుకి మర్నాడు మంచి షిఫ్టు దొరుకుతుందో లేదో హోటళ్ళలో పని చేసినవాళ్ళనెవరినైనా అడిగి చూడండి. హోటలు కార్మికులను కనీస వేతన చట్టం కిందికి తెచ్చిన 1966 సవరణే ఈ వెసులుబాటునూ యజమానులకు ఇచ్చింది. అంటే మనం బల్ల మీద పెట్టే డబ్బు బహుమానం కాదు. యజమాని ఎగ్గొట్టడానికి చట్టం ఒప్పుకున్న జీతం అది.

దీని వేళ్ళు ఇంకా లోతుకు పోయాయి. అక్కడి అంతర్యుద్ధం ముగిశాక పుల్‌మన్ కంపెనీ తన రైలు పడక పెట్టెల్లో పోర్టర్లుగా బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివారిని పెట్టుకుంది. జీతం నామమాత్రం. ప్రయాణికులు ఇచ్చే చిల్లర మీదే వాళ్ళ సంసారాలు నడిచాయి. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో ఆ పోర్టర్లు సంఘం పెట్టుకుని పన్నెండేళ్ళు పోరాడి, 1937లో కంపెనీతో ఒప్పందం సాధించారు. దయ మీద బతకడం వద్దు, సరైన జీతం కావాలన్నది వాళ్ళ పోరాటంలో ముఖ్యమైన కోరిక. ఆ కోరిక అక్కడి హోటళ్ళలో నేటికీ పూర్తిగా తీరలేదు.

అందుకే, టిప్పు పెట్టకుండా లేచి రావడం నిరసన అవుతుందని నేను ఒప్పుకోను. యజమానికి రావాల్సింది బిల్లుతో వచ్చేసింది. నష్టపోయింది సర్వరు ఒక్కరే. చాలా హోటళ్ళలో తనకొచ్చిన దాంట్లోంచి బల్లలు తుడిచేవాళ్ళకూ వాటా ఇవ్వాలి. మనం ఎగ్గొడితే ఆ పిల్లలకూ తగ్గుతుంది. అక్కడికి వెళ్ళే పెద్దలకు నేను చెప్పేది ఒక్కటే. కూర్చోబెట్టి వడ్డించే చోటికి వెళ్ళేటప్పుడు ఐదో వంతు ఎక్కువ వేసుకుని బయల్దేరండి. అంత భరించలేమనుకుంటే ఆ పూట ఇంట్లో వండుకోండి. కాఫీ కౌంటరు దగ్గర కప్పు చేతికిచ్చి, తెర తిప్పి 18, 20, 25 అని చూపిస్తే మాత్రం వద్దని నొక్కడానికి మొహమాటపడక్కర్లేదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మనవాళ్ళు వియ్యాలవారితో కలిసి ఎనిమిది మంది, పది మంది వెళతారు. ఆరుగురు దాటితే టిప్పు ముందే బిల్లులో వేసేసే హోటళ్ళు చాలా ఉన్నాయి. అది చూసుకోక పైన మళ్ళీ ఇచ్చి వచ్చినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

జీతం పెంచితే టిప్పు దానంతటదే పోతుందా అని అడగవచ్చు. పోదు. కాలిఫోర్నియాలో సర్వరుకూ పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. 2025లో అది గంటకు 16.50 డాలర్లు. అయినా అక్కడా 20 శాతం అడుగుతూనే ఉన్నారు. ఒక్క యజమాని మంచితనంతోనూ ఈ పని కాదు. న్యూయార్కులో డానీ మేయర్ అనే పేరున్న హోటళ్ళాయన 2015లో టిప్పులు మానిపించి, ఆ ఖర్చును ధరల్లోనే కలిపాడు. 2020లో మళ్ళీ టిప్పుల పద్ధతికే వెళ్ళాడు. పక్క హోటలు మెనూలో ధర తక్కువ కనిపిస్తుంటే, నిజం రాసినవాడిదే ఎక్కువ ధరలా ఉంటుంది. అందరికీ ఒకే నిబంధన ఉంటే తప్ప ఇది మారదు. అది ప్రభుత్వాలు చేయాల్సిన పని.

ఈ విషయంలో మన దేశం అమెరికా కంటే ముందుందని నేను గర్వంగా చెబుతాను. జైపూర్‌లోని రాంబాగ్ ప్యాలెస్ హోటలు కేసులో 1976లో మన సుప్రీంకోర్టు, గిరాకీల దగ్గర వసూలు చేసి పంచే సర్వీసు డబ్బును కనీస వేతనంలో భాగంగా చూపడానికి వీల్లేదని చెప్పింది. జీతం జీతమే, టిప్పు టిప్పే. ఆ గీత మనకు యాభై ఏళ్ళుగా ఉంది. దాన్ని ఇప్పుడు చెరపనివ్వకూడదు.

చెరిపే ప్రయత్నాలు మన ఊళ్ళోనే జరుగుతున్నాయి. విజయవాడలో ఒక ఏసీ రెస్టారెంటులో మా కుటుంబం తిన్న బిల్లులో సర్వీసు ఛార్జీ అని విడిగా ఒక వరుస కనిపించింది. తీసేయమంటే మేనేజరు గారు మొహం చిట్లించారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఏ హోటలూ సర్వీసు ఛార్జీని తనంతట తానుగా బిల్లులో కలపకూడదు, వేరే పేరు పెట్టి వసూలు చేయకూడదు, ఇవ్వనన్నవారిని లోపలికి రానివ్వకుండా ఆపకూడదు. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఈ మార్గదర్శకాలను సమర్థించింది. హోటళ్ళ సంఘాలు దానిపై అప్పీలు వేశాయి. ఎవరైనా బలవంతంగా వసూలు చేస్తే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఇంటికి భోజనం తెచ్చిపెట్టే యాప్‌లు ఆర్డరు ఇంకా చేరకముందే టిప్పు ఎంత అని అడుగుతున్నాయి. మే నెల ఎండలో వన్‌టౌన్ నుంచి మా వీధి దాకా బండి మీద వచ్చే కుర్రాడికి నేను తప్పకుండా ఇస్తాను, మీరూ ఇవ్వండి. కానీ ఒక్కో ట్రిప్పుకు అతనికి ఎంత కట్టాలో తేల్చేది కంపెనీ. ఆ కంపెనీ రేటు తగ్గించుకుని, మిగతాది మన దయకు వదిలేయడమంటే, టెక్సాస్ పద్ధతి గుమ్మంలోకి వచ్చినట్టే. మామూలు హోటళ్ళ సంగతి ఇంకోలా ఉంది. అందరూ ఫోనుతో స్కాన్ చేసి కడుతుండటంతో, సోంపు పళ్ళెంలో పదో ఇరవయ్యో వదిలే అలవాటు తగ్గిపోయింది. ఒడిశా, బిహార్ నుంచి వచ్చి మన హోటళ్ళలో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే కుర్రాళ్ళకు ఆ చిల్లర కూడా లేకుండా పోతోంది. వాళ్ళ జీతం ఎంత ఉందో అడిగినవాళ్ళు మనలో ఎందరు?

సంపాదకుడు గారూ, మీకు నా మనవి ఇది. హోటలు కార్మికులకు ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం ఎంతో మీ పత్రికలో స్పష్టంగా ప్రచురించండి. విజయవాడ హోటళ్ళలో నిజంగా ఎంత ఇస్తున్నారో మీ విలేఖరులను పంపి రాయించండి. కార్మిక శాఖ అధికారులు తనిఖీ చేసి, తక్కువ ఇస్తున్నవారి మీద చర్య తీసుకోవాలి. పూర్తి జీతం ఇవ్వడానికి ఇడ్లీ మీద రెండు రూపాయలు పెంచాల్సి వస్తే యజమానులు పెంచి, ఆ ధరే బోర్డు మీద రాయాలి. ఆ రెండు రూపాయలు కట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
భవానీపురం, విజయవాడ-12