ఊరూ పేరూ లేని బైట్లు

మెమరీలో పక్కపక్కనే రెండు బైట్లు ఉన్నాయనుకోండి: 21, 12. ఏంటివి?

సమాధానం చెప్పేశారా? అయితే తొందరపడ్డట్టే :) ఆ రెండూ కలిపి లిటిల్ ఎండియన్‌లో 16 బిట్ల అంకెగా చదివితే 3093. యూనికోడ్‌లో 3093 అంటే మన 'క'. అవే బైట్లని బిగ్ ఎండియన్‌గా చదివితే 5388. అది కెనడా ఆదివాసుల లిపికి కేటాయించిన వరసలో ఉన్న నంబరు. విడివిడిగా రెండు ఆస్కీ కోడ్లు అనుకున్నారా, రెండూ కంటికి కనపడని కంట్రోల్ కోడ్లే. వాటిలో 12 అందితే పాతకాలపు ప్రింటరు ఉన్న పేజీని బయటికి నెట్టేస్తుంది. ఇన్ని జరిగినా బైట్లు మాత్రం అవే.

ఈ టపాలో నేను చెప్పదలుచుకున్నది ఒకటే. బైట్లకి ఊరూ పేరూ ఉండదు. పెట్టేది మన ప్రోగ్రామే. ఆ పెట్టేదేదో ఒక్కచోట, పూర్తిగా, చదివితే అర్థమయ్యేలా రాసి పెట్టాలి. పైథాన్ రాసేవాళ్ళలో చాలామంది ఈ పనికి బద్ధకిస్తున్నారని నా ఫిర్యాదు. అలా రాసి పెట్టకపోతే ఏమవుతుందో మా బెజవాడలో ఏలూరు రోడ్డు పుస్తకాల వాళ్ళకి బాగా తెలుసు. అక్కడికి వస్తాను, ముందు పైథాన్ సంగతి చూద్దాం.

సీ భాషలో ఈ బాధ తక్కువ. ఇంజనీరింగ్‌లో మనందరం బట్టీ పట్టిన స్ట్రక్చర్ ఉంది కదా, అది రాస్తే చాలు, ఏ ఫీల్డు ఎన్ని బైట్లో, ఎక్కడ మొదలవుతుందో కంపైలరే చూసుకుంటుంది. పైథాన్‌కి వచ్చేసరికి ఏదైనా డివైస్ నుంచో, మెమరీ డంప్ నుంచో, బైనరీ ఫైలు నుంచో బైట్లు వస్తాయి. మనవాళ్ళు వెంటనే కత్తి పట్టుకుని ముక్కలు కొయ్యడం మొదలెడతారు. నాలుగో బైటు నుంచి ఎనిమిదో బైటు దాకా ఒక ముక్క, అక్కడినుంచి పది దాకా ఇంకో ముక్క. ఆ 4, 8, 10 అనే అంకెలు ప్రోగ్రాము నిండా సంక్రాంతి ముగ్గులో చుక్కల్లా పడి ఉంటాయి. ముగ్గేసినావిడ వేరే కంపెనీకి వెళ్ళిపోతే, ఏ చుక్కని ఏ చుక్కతో కలపాలో మిగిలినవాళ్ళకి తెలీదు.

"ఇప్పుడు టైప్ హింట్లు ఉన్నాయి కదండీ" అంటారు. ఉన్నాయి. 2015లో పైథాన్ 3.5తో వచ్చాయి, 2018లో 3.7తో డేటాక్లాసులూ వచ్చాయి. రెండూ మంచివే, నేనూ రోజూ వాడతాను. కానీ ఒక ఫీల్డు పక్కన పూర్ణాంకం అని రాసినంత మాత్రాన అది మెమరీలో 2 బైట్లా 4 బైట్లా, గుర్తు ఉన్నదా లేనిదా, ఏ వైపు నుంచి చదవాలి అన్నవి తెలియవు. పైగా పైథాన్ పూర్ణాంకానికి హద్దే లేదు, ఎంత పెద్దదైనా పడుతుంది. ఈ సుఖానికి అలవాటు పడే మనం 'ఎన్ని బైట్లు' అనే ప్రశ్న వెయ్యడం మర్చిపోయాం.

ఆ ప్రశ్న వెయ్యకపోతే ఏమవుతుందో చిన్న లెక్క వేసి చూద్దాం. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి సుమారు 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ రోజులు బెజవాడలో ఎవరూ మర్చిపోలేదు. ఆ ప్రవాహాన్ని ఎవరో 16 బిట్ల ఫీల్డులో దాచారని ఊహించుకోండి (నిజంగా ఎక్కడో ఇలా జరిగిందని నేననడం లేదు, ఊరికే లెక్క కోసం). గుర్తు లేని 16 బిట్లలో పట్టే అతి పెద్ద అంకె 65,535. అందులో 11,43,000 కుక్కితే మిగిలేది 28,888. నది పదకొండు లక్షల దాటి పోతుంటే తెర మీద ఇరవై తొమ్మిది వేలు కూడా కనపడదు. ఇంకా ఘోరం ఏంటంటే, 28,888 చూడ్డానికి తప్పులా ఉండదు. సున్నానో మైనస్ అంకెనో వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇది మామూలు వానాకాలపు అంకెలా నవ్వుతూ కూర్చుంటుంది.

ఇక్కడ పైథాన్‌లోనే ఉన్న రెండు పనిముట్ల తేడా చూడండి. స్ట్రక్ట్ మాడ్యూల్‌తో 11,43,000ని 16 బిట్లలో పెట్టబోతే అది ఒప్పుకోదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. 2006లో పైథాన్ 2.5తో స్టాండర్డ్ లైబ్రరీలోకి వచ్చిన సీటైప్స్ మాత్రం కిక్కురుమనకుండా 28,888 చేసి పెట్టుకుంటుంది. నంపైలో పెద్ద పూర్ణాంకాల ఎరేని 16 బిట్లకి మార్చమన్నా అదే మౌనం. ఏది మంచిదని కాదు నా గొడవ. మీరు వాడుతున్నది అరిచే రకమో, మూగ రకమో తెలుసుకుని వాడండి అంటున్నా.

సైజు తర్వాత సందుల గొడవ. ఒక బైటు స్టేటస్, దాని వెనక 4 బైట్ల రీడింగు ఉందనుకుందాం. కూడితే ఎంత? 5 అంటారు. స్ట్రక్ట్ మాడ్యూల్‌కి లిటిల్ ఎండియన్ గుర్తు పెట్టి అడిగితే అదీ 5 అనే అంటుంది. ఏ గుర్తూ పెట్టకుండా అడిగితే మన మామూలు కంప్యూటర్ల మీద 8 అంటుంది. ఎందుకంటే 4 బైట్ల అంకె 4తో భాగించబడే చోట మొదలవ్వాలని మధ్యలో మూడు ఖాళీ బైట్లు వదులుతుంది. సరే, వరస తిప్పి రీడింగు ముందు, స్టేటస్ వెనక పెట్టండి. ఇప్పుడు స్ట్రక్ట్ 5 అంటుంది, సీటైప్స్ 8 అంటుంది. సీ కంపైలరు లాగే సీటైప్స్ చివర కూడా ఖాళీ వదులుతుంది, స్ట్రక్ట్ వదలదు. ఒక్క రికార్డు చదివినంత సేపూ తేడా కనపడదు. వంద రికార్డులు వరసగా చదివితే రెండోదాని నుంచే అంతా చెత్త. టెస్టులో ఒకటే రికార్డు పెట్టి 'పాస్' అనుకున్నవాళ్ళు కస్టమర్ దగ్గర ఇరుక్కునేది ఇక్కడే.

సైజు, వరస, సందులు... మూడూ సరిగ్గా కుదిరాయి అనుకుందాం. నాలుగోది మిగిలే ఉంది: ఆ అంకెకి అర్థం ఏంటి? ఇప్పుడు ఏలూరు రోడ్డుకి వెళ్దాం పదండి.

తెలుగు పుస్తకాల ప్రచురణకి బెజవాడ ఎంత పెద్ద దిక్కో చెప్పక్కర్లేదు. ఏళ్ళ తరబడి ఇక్కడి డీటీపీ సెంటర్లలో పని జరిగింది ఎక్కువగా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. ఆ ఫైళ్ళలో ఉన్నది తెలుగు కాదు, మామూలు ఇంగ్లీషు అక్షరాల కోడ్లే. ఫలానా కోడు వస్తే తలకట్టు గీయి, ఫలానా కోడు వస్తే ఫలానా ఒత్తు గీయి అని ఫాంటుకి మాత్రమే తెలుసు. ఒక ఫాంటులో ఉండేవి 256 గళ్ళు, అందులో కొన్ని వాడకూడనివి. మన గుణింతాలూ, ఒత్తులూ అన్నీ అందులో ఎక్కడ పడతాయి? అందుకని అక్షరాలని ముక్కలు చేసి సర్దారు. ఏ ముక్క ఏ గడిలో పెట్టాలన్నది ఒక్కో కంపెనీ తన ఇష్టప్రకారం చేసుకుంది.

దీనికి డీటీపీ వాళ్ళని తిట్టడం అన్యాయం. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది, కానీ మామూలు మనిషి కంప్యూటర్లో గౌతమి ఫాంటుతో కనపడింది 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చాకే. అదే ఏడు వచ్చిన పేజ్‌మేకర్ 7 ఆ సాఫ్ట్‌వేర్‌కి ఆఖరి వెర్షన్, దానికి యూనికోడ్ రానే రాదు. ఉన్న పనిముట్లతో వాళ్ళు అందమైన పుస్తకాలు వేశారు.

కానీ మన భాషలో చెప్పాలంటే జరిగింది ఇది: డేటా ఒకచోట, దాని టైపు ఇంకోచోట. ఆ వాక్యానికి టైపు అంటే ఫాంటు పేరే. ఫైలు తెరిచి వాక్యాన్ని కాపీ చేసి మెయిల్లో పెట్టగానే ఫాంటు పేరు రాలిపోయింది, తెలుగు పోయి పిచ్చి గీతలు మిగిలాయి. రచయిత పోయాక పిల్లలు ఆయన పుస్తకం మళ్ళీ వేద్దామని సీడీ పట్టుకొస్తారు. ఫైలు తెరుచుకుంటుంది, ఫాంటు ఉండదు. ఉన్నా అందులో ఒక్క మాట వెతకలేం. చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడర్‌తో విందామంటే అది ఆ ఇంగ్లీషు కోడ్లనే గడగడా చదువుతుంది. చివరికి 'మళ్ళీ టైపు చేయిద్దాం, పేజీకి ఇంత' అని బేరం మొదలవుతుంది. ఒకసారి టైపు చేసి, ప్రూఫు దిద్ది, డబ్బులిచ్చిన పుస్తకానికే!

2000ల్లో చాలా పత్రికల వెబ్‌సైట్లదీ ఇదే కథ, ఎవరి ఫాంటు వాళ్ళది. అప్పుడే 'పద్మ' లాంటి ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వచ్చి వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించింది. మంత్రమేం లేదు, ఒక్కో ఫాంటుకీ ఏ కోడు ఏ ముక్కో, ఏ ముక్కల్ని కలిపితే ఏ అక్షరమో ఓపిగ్గా పట్టిక రాశారు. అంటే ఎవరూ రాసిపెట్టని టైపుని, కొన్నేళ్ళ తర్వాత వేరేవాళ్ళు కూర్చుని రాశారన్నమాట. పని చేసిన రోజే రాసి ఉంటే ఒక పూట పట్టేది.

తమాషా ఏంటంటే, ఇంత గందరగోళం చేసిన ఆ ఫాంటు ఫైలు లోపల మాత్రం అంతా పద్ధతే. ట్రూటైప్ ఫాంటులో ప్రతి టేబులుకీ, ప్రతి ఫీల్డుకీ సైజూ స్థానమూ స్పెసిఫికేషన్‌లో రాసి ఉంటాయి. అన్నీ బిగ్ ఎండియన్. 'హెడ్' అనే టేబులులో 12వ బైటు దగ్గర 15948 34165 అనే ఒకే అంకె (విరగ్గొట్టింది చదవడానికే) ప్రతి ఫాంటులోనూ ఉండి తీరాలి. అది కనపడకపోతే మీరు తప్పు చోట చదువుతున్నారని అక్కడే తెలిసిపోతుంది. 18వ బైటు దగ్గర అక్షరాల కొలత ఉంటుంది, చాలా ఫాంట్లలో 2048. దాన్నే లిటిల్ ఎండియన్‌గా చదివితే 8!

ఈ ఫైళ్ళని చదివే ఫాంట్‌టూల్స్ అనే పైథాన్ లైబ్రరీని 1999లో మొదలెట్టింది జస్ట్ వాన్ రోసమ్, మన పైథాన్ గైడో తమ్ముడే. అందులో నాకు నచ్చేది ఒకటుంది. ప్రతి టేబులుకీ ఫీల్డు పేరూ, దాని రకమూ వరసగా ఒక జాబితాలా రాస్తారు. ఆ ఒక్క జాబితాతోనే చదవడం, దానితోనే తిరిగి రాయడం. విడిగా ఆఫ్‌సెట్లు లెక్కెయ్యరు. జాబితా చదివితే స్పెసిఫికేషన్ చదివినట్టే ఉంటుంది.

జీడీబీ డీబగ్గర్‌లో పైథాన్ రాసినవాళ్ళకి ఇంకోటి తెలిసే ఉంటుంది. అక్కడ మెమరీ నుంచి వచ్చిన విలువ ఉత్త అంకెగా రాదు, తన టైపుని వెంటేసుకుని వస్తుంది. ఫీల్డు పేరు పెట్టి అడిగితే చెబుతుంది. మెమరీ డంపుల్ని శోధించే వొలటిలిటీ కూడా అంతే, ఆ డంపు ఏ కెర్నెల్‌దో సరిగ్గా దాని సింబల్ టేబుల్ కావాలంటుంది. వేరే వెర్షన్‌ది ఇస్తే ఫీల్డులు పక్కకి జరిగిపోయి ఉండొచ్చు కాబట్టి. సరైన ఫాంటు లేకుండా అను ఫైలు తెరవడానికీ దీనికీ ఏమైనా తేడా ఉందా చెప్పండి?

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. "ఒక్కపూట స్క్రిప్టుకి ఇంత భాగోతం ఎందుకయ్యా?" నిజంగా ఒక్కపూటదే అయితే వద్దు, కోసి పారెయ్యండి. కానీ మన ఆఫీసుల్లో ఒక్కపూట స్క్రిప్టులు ఎన్నేళ్ళు బతుకుతాయో మీకు తెలీదా? పేజ్‌మేకర్ ఫైళ్ళూ ఆ నెల ప్రింటింగు కోసం చేసినవే.

రెండో అభ్యంతరం స్పీడు. లక్షల రికార్డులుంటే ఒక్కోదానికీ ఆబ్జెక్టు చెయ్యడం నిదానమే, ఒప్పుకుంటాను. అప్పుడు నంపైలో స్ట్రక్చర్డ్ టైపు వాడండి. అక్కడా ఫీల్డు పేరూ, సైజూ, ఎండియన్ అన్నీ రాసే వీలుంది. స్పీడు కావాలంటే టైపు రాయకూడదని ఎక్కడా లేదు.

నా మటుకు నేను పెట్టుకున్న నియమాలు నాలుగు. ఒకటి, లేఅవుట్ ఒక్కచోటే రాయాలి, పేర్లతో. రెండు, ఎండియన్ గుర్తు లేకుండా ఏదీ రాయకూడదు, 'ఈ మెషీన్‌లో ఎలాగుంటే అలా' అనకూడదు. మూడు, ఆ వెంటనే మొత్తం సైజు ఇంత ఉండాలి, లేకపోతే ఆగిపో అని ఒక్క లైను చెక్ పెట్టాలి. నాలుగు, నిజం డేటాలోంచి రెండు మూడు రికార్డుల బైట్లూ, వాటికి రావలసిన విలువలూ టెస్టులో ఉంచాలి. ఇది పావుగంట పని. ఫీల్డు యూనిట్లు కూడా పక్కన రాస్తే పుణ్యం. క్యూసెక్కులో, వేల క్యూసెక్కులో ఏ టైపూ చెప్పదు, మనిషే చెప్పాలి.

చివరగా ఐటీ వాళ్ళకి ఓ విన్నపం. మీ ఇళ్ళల్లో తాతగారివో, మాస్టారివో, మీ ఊరి గ్రంథాలయానివో పాత డీటీపీ ఫైళ్ళు ఉంటే ఒక్క పని చెయ్యండి. ఆ ఫైళ్ళు చేసిన డీటీపీ సెంటరు ఇంకా ఉండగానే వెళ్ళి ఏ ఫాంటు, ఏ వెర్షన్ అని అడిగి, ఆ వివరాలు ఫైళ్ళ పక్కనే కాగితం మీద రాసి పెట్టండి. వీలైతే ప్రింటయిన పేజీ ఒకటి స్కాన్ చేసి జత చెయ్యండి, రేపు పట్టిక రాసేవాడికి అదే టెస్టు కేసు. మార్చే ప్రోగ్రాము తర్వాతైనా రాసుకోవచ్చు. ఆ ఫాంటేదో చెప్పగలిగిన మనిషి షాపు మూసేసి వెళ్ళిపోతే ఎవర్ని అడుగుతాం?