మజిలీలో లెక్కలు

మన ఫాక్‌లాండ్ రోడ్డుకు పఠ్ఠే బాపూరావు మార్గమని పేరు మారినా, గల్ఫుకు బయలుదేరినవాడి మజిలీ చాలాకాలం మారలేదు. కరీంనగరు, నిజామాబాదు జిల్లాలవారు యీ కామాఠీపురా చుట్టుపట్ల ఊరివాళ్ల గదిలో పెట్టె దింపి, ఏజెంటు కబురు కోసం కాచుకొనేవారు. 2008లో శంషాబాదు విమానాశ్రయం తెరిచాక చాలామందికి యీ మజిలీ అక్కర లేకపోయింది. అయినా కాగితాలు సరిగా లేనివాడికి పెద్ద ఊరే క్షేమమని తోస్తుంది గదా.

వీళ్లకు ప్రమాదం తెలియదని మనం జాలిపడతాము. తెలియకేం? విజిట్ వీసా మీద పోయి పనిచేస్తే పట్టుబడతారనీ, పాస్‌పోర్టు యజమాని పెట్టెలో వుండిపోతుందనీ, ‘ఖల్లివెల్లి’ అయినవాడు జబ్బు చేసినా ఆసుపత్రికి పోవడానికి జంకుతాడనీ వాళ్లే ఏకరువు పెడతారు. యు.ఎ.ఇ. ప్రభుత్వం 2007లో, 2018లో, మళ్లీ 2024లో క్షమాభిక్ష యిచ్చిన సంగతీ తెలుసు. “దొరికితే ఏమైతదన్నా? మాఫీ పెట్టినప్పుడు ఔట్‌పాస్ మీద వచ్చుడే” అన్నాడొక తమ్ముడు నాతో. మాఫీ యేటేటా వచ్చే జాతరా! అయినా వాడి త్రాసులో అదీ ఒక రాయి.

రెండో పళ్లెంలో వున్నది అప్పు. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చాడనుకోండి. నెలకు 3,000, అంటే రోజుకు నూరు. పోలీసుకు దొరకడం జరగవచ్చు, జరగకపోవచ్చు. ఈ నూరు మాత్రం తెల్లవారేసరికి పడి తీరుతుంది. పైగా చుట్టాలకు దావతు యిచ్చి బయలుదేరినవాడు వట్టి చేతులతో బస్సు దిగాలంటే ఎంత కష్టం! వెనక్కి పోయే దారి ఖరీదు పెరిగినకొద్దీ ముందున్న భయం చిన్నదిగా కనబడుతుంది. ఏజెంటుకు యీ కిటుకు బాగా తెలుసు. ఊళ్లో కంపెనీ వీసా అంటాడు. ఇక్కడ పదిరోజులు నానబెట్టి విజిట్ వీసా చేతిలో పెడతాడు. ఊళ్లో చూపితే వద్దనేవాడే, యిక్కడ కళ్లకద్దుకొని పుచ్చుకొంటాడు.

ఆ ఏజెంటు కూడా తరచు ఏదో వరుస కలిసినవాడే. దుబాయి డబ్బుతో లేచిన డాబా ఊరంతటికీ కనబడుతుంది. మోసపోయి వచ్చినవాడు గడప దాటడు, వాడి కథ ఎవరి చెవినా పడదు.

కాబట్టి మన గదికి వచ్చినవాడితో “ప్రమాదం నాయనా” అంటే లాభం లేదు. వాడి భాషలోనే, లెక్కల్లో మాట్లాడాలి. మెట్రిక్ గట్టెక్కిన నాబోటివాడి పాస్‌పోర్టుకు అడ్డు లేదు గాని, పదోతరగతి కానివాడు 18 దేశాలకు పనికి పోవాలంటే 1983 చట్టం ప్రకారం ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. ఇంటిపనికి పోయే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండనిదే ఆ అనుమతి లేదు. వయసు చాలనివారిని విజిట్ వీసా మీద తిప్పేది అందుకే. లైసెన్సు వున్న ఏజెంటు 30,000 రూపాయలకు, దానిమీద పన్నుకు మించి పుచ్చుకోరాదు. అనుమతితో పోయేవాడికి 275 రూపాయలతో రెండేళ్లకు పదిలక్షల ప్రమాద బీమా వుంటుంది. విజిట్ వీసావాడికి అదీ లేదు.

నీ ఏజెంటు లైసెన్సు నెంబరు ఎంత, ఎంత అడిగాడు, వీసా మీద ఏమని రాసి వుంది? ఇవి పెట్టె దింపిన రాత్రే అడగండి. మిగతా సొమ్ము యింకా వాడి జేబులోనే వుంటుంది. తిరిగిపోతే అయ్యేది రెండురోజుల వడ్డీ, రైలు ఛార్జీ.