ఆడించడం ఆయా పని కాదు

నాలుగేళ్ల పిల్లను ఏ బళ్లో వేశారని ఎవరినైనా అడిగి చూడండి. ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీలో వేసినవాళ్లు స్కూలు పేరు, ఫీజు, మీడియం గబగబా చెప్పేస్తారు. అంగన్‌వాడీకి పంపేవాళ్లు మాత్రం కాస్త నసుగుతారు. "ఏదో, కాసేపు ఆడుకుంటుందని పంపుతున్నామండీ. వచ్చే ఏడు మంచి స్కూల్లో వేస్తాం" అంటారు. ఆ నసుగుడు వెనక ఊరంతా ఒప్పుకున్న అభిప్రాయం ఒకటుంది. పలకా బలపం పట్టిస్తే చదువు, ఆడిస్తే కాలక్షేపం. కాలక్షేపానికి టీచరెందుకు, ఆయా చాలు.

ఈ అభిప్రాయాన్ని నేను పూర్తిగా కాదంటున్నాను. ఆరేళ్లలోపు పిల్లలకు ఆటే చదువన్న మాట చాలామంది చెప్పారు, 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది. అంతటితో ఆగితే సరిపోదు. ఆడిస్తూ నేర్పడం బడిపనులన్నిటిలోకీ కష్టమైన పని. అది చేసేవాళ్లను టీచర్లుగా చూడనంతకాలం ఆట కాలక్షేపంగానే మిగులుతుంది. దాన్ని చూపించి జనం ఎల్‌కేజీల వైపు పరుగెత్తుతూనే ఉంటారు.

ముందు ఆ ఎల్‌కేజీ సంగతి. జూన్‌లో చేరిన పిల్లచేత మొదట 'స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్' గీయిస్తారు. పేజీలకు పేజీలు నిలువుగీతలు, పేజీలకు పేజీలు అడ్డగీతలు. దసరా సెలవులకల్లా నాలుగు గీతల పుస్తకంలో కేపిటల్ లెటర్లు, సంక్రాంతికి స్మాల్ లెటర్లు, వేసవికి ఒకటి నుంచి వంద. రాత్రి అన్నాలయ్యాక తల్లి పిల్ల చేతిని తన చేతిలోకి తీసుకుని పెన్సిలు నడిపిస్తుంది. నడిపించకపోతే పొద్దున డైరీలో 'హోంవర్క్ ఇన్‌కంప్లీట్' అని రాసి పంపుతారు. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడు, నాలుగేళ్ల పిల్ల చేతికి ఎక్స్‌రే తీస్తే వాటిలో మూడో నాలుగో కనిపిస్తాయి, అంతే. మిగతావి ఇంకా ఎముకగా గట్టిపడలేదు. ఆ చెయ్యి రాసే చెయ్యి కావాలంటే ముందు మట్టి పిసకాలి, చపాతీపిండి ముద్దలు చెయ్యాలి, పూసలు గుచ్చాలి, జామకొమ్మ పట్టుకుని వేలాడాలి. గీతల పుస్తకం ఆ పనులన్నిటికీ సమయం లేకుండా చేసి, అవి చేస్తే వచ్చే నేర్పును మాత్రం ముందుగానే అడుగుతుంది.

లెక్కల విషయమూ ఇంతే. వంద దాకా గడగడా అప్పజెప్పే పిల్లలు ప్రతి వీధిలో ఉన్నారు. చుట్టాలొస్తే పిలిచి మరీ చెప్పిస్తాం. అదే పిల్లతో, నలుగురు భోజనానికి కూర్చున్నారు, మనిషికో గ్లాసు పట్టుకురామ్మా అనండి. చేతికందినన్ని తెచ్చేస్తుంది. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే బిళ్లలు సమానంగా ఉన్న రెండు వరుసలు పిల్లల ముందు పెట్టి, వాటిలో ఒకదాన్ని ఎడంగా జరిపాడు. నాలుగైదేళ్ల పిల్లలు చాలామంది ఎడంగా ఉన్న వరుసలోనే ఎక్కువున్నాయన్నారు. నోటికొచ్చిన వంద అంకెలూ ఈ పొరపాటును దిద్దలేవు. గింజల్ని తన చేత్తో జరిపి, దగ్గరికి లాగి, మళ్లీ లెక్కపెట్టుకున్న పిల్ల తనంతట తనే దిద్దుకుంటుంది.

దిద్దుకునేలా చేసే మనిషి ఒకరు పక్కన ఉండాలి. నేను చూసిన ఒక అంగన్‌వాడీ కేంద్రం అద్దె గదిలో నడుస్తోంది. గోడల సున్నం రాలుతోంది, మూలన గుడ్ల అట్టలు పేర్చి ఉన్నాయి. టీచరు చాప మీద కూర్చుని అయిదు చింతగింజలు పరిచి పిల్లలచేత లెక్కపెట్టించింది. ఒక కొబ్బరిచిప్ప బోర్లించి, కొన్ని గింజలు దాని కిందకి నెట్టి, రెండు బయట ఉంచింది.

"లోపల ఎన్నున్నాయిరా?"

"అయిదు టీచర్!" అన్నాడొకడు.

ఆమె తప్పు అనలేదు. "అయిదా? మరి ఈ రెండూ ఎక్కణ్నుంచి వచ్చాయి?" అంది. వాడు చిప్పనీ గింజల్నీ మార్చి మార్చి చూశాడు. చిప్ప ఎత్తబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టి "చూడకుండా చెప్పు నాన్నా" అంది. పక్కన వేళ్లు ముడుచుకుంటున్న అమ్మాయి మెల్లగా "మూడు" అంది. టీచరు మెచ్చుకుని వదిలెయ్యలేదు. "నీకెట్లా తెలిసిందో వాడికి చెప్పమ్మా" అంది. ఆ పిల్ల మాటలు వెతుక్కుంటూ, వేళ్లు చూపిస్తూ చెప్పింది. అప్పుడు చిప్ప ఎత్తారు. నేలమీద సుద్దతో 3 వేసి, ఆ మూడు గింజలూ దాని పక్కన పెట్టించింది. ఆ తర్వాత గింజలు దాచే వంతు వాడికిచ్చింది.

అయిదు నిమిషాలు కూడా పట్టని ఈ ఆటలో తీసివేత ఉంది, కంటికి కనపడనిదాన్ని మనసులో పెట్టుకోవడం ఉంది, తను ఆలోచించింది ఇంకొకరికి వివరించడం ఉంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ టీచరు క్షణక్షణం తీసుకున్న నిర్ణయాలున్నాయి. తప్పు జవాబును ప్రశ్నగా తిప్పింది. చిప్పను తను అనుకున్నప్పుడే ఎత్తనిచ్చింది. ఓడిన పిల్లవాడి చేతికి తర్వాతి ఆట ఇచ్చింది. ముప్ఫైమంది చేత 'ఏ ఫర్ యాపిల్' కోరస్ పాడించడానికి ఈ నేర్పులో వీసమెత్తు అక్కర్లేదు. కాపీరాత చేయించడానికి గది నిశ్శబ్దంగా ఉంచగలిగితే చాలు. మనం మాత్రం నిశ్శబ్దం ఉన్న గదిలో టీచరున్నారనీ, గోల ఉన్న గదిలో ఆయా ఉందనీ అనుకుంటున్నాం.

ఆడిస్తూ నేర్పడం విదేశాల నుంచి దిగిన సరదా అనేవాళ్లూ ఉన్నారు. కాదు. గిజుభాయి బధేకా వకీలు వృత్తి మానుకుని భావనగర్‌లో బాలమందిరం తెరిచింది 1920లో. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో బోర్డీ గ్రామంలో పని మొదలుపెట్టారు. తర్వాత అనుతాయి వాఘ్‌తో కలిసి కోస్బాడ్‌లో వార్లీ గిరిజనుల వాకిళ్లలోకే బడిని తీసుకెళ్లారు. మాంటిస్సోరి పరికరాలు కొనే స్తోమత ఆ ఊళ్లకు లేదు కనక గవ్వలు, గింజలు, ఆకులు, గులకరాళ్లతో నడిపించారు. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైనప్పుడు కేంద్రాలకు పెట్టిన అంగన్‌వాడీ అనే పేరు తారాబాయిదే. చింతగింజలు, కొబ్బరిచిప్పలు మనకు కొత్త కాదు.

తల్లిదండ్రుల వాదనలో బలమైనది వేరే ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. "ఉన్నవాళ్ల పిల్లలు ఆడుకున్నా ఎట్లాగో గట్టెక్కుతారండీ, ఇంట్లో పుస్తకాలుంటాయి, ఇంగ్లీషుంటుంది. మా పిల్లకు ఇప్పుడే అక్షరాలు రాకపోతే ఒకటో తరగతిలో ఎవరు చేర్చుకుంటారు?" అని కూలికి వెళ్లే తల్లి అడిగితే ఆ భయం నిజమే. ఆ భయాన్ని పుట్టించినవి బళ్లే. నర్సరీ ప్రవేశాలకు పరీక్షలు, ఇంటర్వ్యూలు మానెయ్యాలని యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. చేర్చుకునేటప్పుడు పిల్లల్ని వడగట్టకూడదని విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ అంటోంది. అయినా ఒకటో తరగతి పుస్తకం తెరిస్తే, చదవడం వచ్చిన పిల్లకోసం రాసినట్టే ఉంటుంది. ఈ అన్యాయాన్ని నాలుగేళ్ల పిల్ల మణికట్టు మీద మోపడం నాకు సమ్మతం కాదు.

పైగా, ముందే మొదలుపెడితే పేదపిల్లలు ముందుంటారన్నదీ తేలిన విషయం కాదు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో పేద కుటుంబాల పిల్లలు సుమారు మూడువేల మందిని ఏళ్ల తరబడి గమనించారు. లాటరీలో ప్రభుత్వ ప్రీ-స్కూల్లో సీటు దొరికినవాళ్లు ఒక గుంపు, దొరకనివాళ్లు ఇంకో గుంపు. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆరో తరగతికి వచ్చేసరికి సీటు దొరికినవాళ్లే పరీక్షల్లో వెనకబడ్డారు, క్రమశిక్షణ ఫిర్యాదులూ వాళ్లమీదే ఎక్కువ. కారణం ఫలానా అని ఆ లెక్కలు తేల్చలేదు. ఎంత తొందరగా బడిలో కూర్చోబెడితే అంత మంచిదన్న నమ్మకాన్ని మాత్రం అవి నిలబడనివ్వవు.

ఆట పేరెత్తితే చాలు అన్నీ వచ్చేస్తాయనడమూ తప్పే. ఢిల్లీ పేటల్లోని ప్రీ-స్కూళ్లలో ఆర్థికవేత్త ఎస్తర్ డుఫ్లో, మనస్తత్వవేత్త ఎలిజబెత్ స్పెల్కీ బృందం పిల్లలచేత సంఖ్యలూ ఆకారాల ఆటలు ఆడించి చూసింది. 2017లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఆటలాడినవాళ్లకు ఎక్కువ తక్కువల అంచనా పెరిగింది, అది నిలిచింది కూడా. బడిలో రాసే లెక్కలకు వచ్చేసరికి ఆ ఉపయోగం కనపడలేదు. ఆట వ్యతిరేకులు దీన్ని తమ సాక్ష్యంగా చూపించవచ్చు. నాకు ఇందులో కనిపించేది మరొకటి. గింజల నుంచి అంకె దాకా దారి దానంతట అది పడదు, ఎవరో ఒకరు వెయ్యాలి. ఆ టీచరు సుద్దతో నేలమీద వేసిన 3 అందుకోసమే.

ఇక "అంగన్‌వాడీలో ఆటలెక్కడివండీ, గుడ్డు పెట్టి పంపేస్తారు" అనే మాట. చాలాచోట్ల ఇది నిజం. ఎందుకు నిజమో అడిగేవాళ్లు తక్కువ. గర్భిణుల, బాలింతల లెక్కలు, బరువులు తూచడం, సరుకుల పంపిణీ, పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు, ఫొటోలు, సర్వేలు అన్నీ ఆ ఒక్క మనిషి మీదే. సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషి చింతగింజల ఆట ఎప్పుడు ఆడించాలి? తమిళనాడులో 320 కేంద్రాలు తీసుకుని, సగం వాటిలో ప్రీ-స్కూల్ పని కోసమే ఒక అదనపు మనిషిని సగం పూటకు పెట్టి చూశారు. బోధన సమయం రెట్టింపయింది. పిల్లలకు లెక్కలూ భాషా మెరుగుపడ్డాయి. పాత కార్యకర్తకు తీరిక దొరికి పోషణ పనీ బాగుపడింది, ఎదుగుదల లోపం తగ్గింది. అక్కడ పెంచింది ఒక మనిషిని.

మనం ఏం పెంచాం? అంగన్‌వాడీ కార్యకర్తకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గౌరవ వేతనం 2018లో నెలకు 4,500 రూపాయలు చేశారు. జీతం అనరు, గౌరవ వేతనమే అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రం వాటా కలుపుకుని 11,500 దగ్గర ఉన్నప్పుడు, 2023 డిసెంబరు 12 నుంచి అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. గ్రాట్యుటీ ఇవ్వమనీ, జీతం పెంచమనీ అడిగితే మధ్యలో అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించారు. గ్రాట్యుటీ వాళ్ల హక్కని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తీర్పు చెప్పింది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆ కేంద్రాల్లో జరిగేది విద్యాబోధనేననీ, చేసేది అంగన్‌వాడీ కార్యకర్తలేననీ కోర్టు ఒప్పుకుంది. ఆ మాట ఊళ్లోకి రావడానికి ఇంకా టైం పడుతున్నట్టుంది. తెలంగాణలో వాళ్లను అంగన్‌వాడీ టీచర్లనే పిలుస్తున్నారు, సంతోషం. పిలుపుతోపాటు పొద్దుటి రెండు గంటలు యాప్ నుంచీ రిజిస్టర్ల నుంచీ విడుదల కావాలి. రెండో మనిషి కావాలి. శిక్షణ పేరుతో హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించడం మాని, ఆటను బాగా నడిపే టీచరు దగ్గరకు మిగతావాళ్లను పంపి చాపమీద కూర్చోబెట్టాలి.

ఎల్‌కేజీ ఫీజు కట్టబోయే తల్లిదండ్రులను నేను అడిగేది ఒక్కటే. ముందు ఒక పూట మీ వీధి అంగన్‌వాడీలో, ఒక పూట ఆ స్కూల్లో కూర్చోనివ్వమనండి. గోడమీది రంగులు, యూనిఫాం పక్కన పెట్టి, పిల్ల తప్పు జవాబు చెప్పినప్పుడు టీచరు ఏమంటున్నారో వినండి. తిట్టకుండా, సరైన జవాబు అందించకుండా, ఇంకో ప్రశ్న వేస్తున్న టీచరు ఎక్కడ కనపడితే అక్కడ చేర్పించండి. అది అంగన్‌వాడీయే అయితే, ఆవిడకు తోడుగా మరో మనిషిని ఇవ్వమని మీ సర్పంచికీ ఎమ్మెల్యేకీ అర్జీ రాసి, మీ వీధిలోవాళ్లందరిచేతా సంతకాలు పెట్టించండి.